అచ్చియ్యమ్మ పొగ తాగదు

అచ్చియ్యమ్మ నోట్లో నిప్పు పెట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్లుగా చెరకు తోటల్లో పని చేస్తోంది. ఇది పొగడ్త కాదు, తిట్టూ కాదు. నిజంగానే నిప్పు. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసను నోటి లోపలికి తిప్పి, పెదాలు మూసేస్తుంది. బయటికి కనిపించేది రెండంగుళాల ఆకు ముక్క. మా చోడవరం చుట్టుపక్కల దీన్ని అడ్డపొగ అంటారు. పెద్ద వయసు ఆడవాళ్లలో ఇంకా కొందరు కాలుస్తారు. చూడనివాళ్లు నమ్మరు, చూసినవాళ్లు పట్టించుకోరు.

దీనికో కారణం ఉంది. అచ్చియ్యమ్మ పదిమంది ఆడకూలీలకు మేస్త్రీ. వాన వెనకబట్టాక చెరకు పడిపోకుండా గడలన్నీ గుత్తిగా చేర్చి ఆకుతో జడ కట్టాలి. రెండు చేతులూ ఖాళీ ఉండవు. కాళ్ల కింద ఎండాకు. బీడీ నుంచి ఒక్క రవ్వ రాలితే ఎకరం తోట పది నిమిషాల్లో బూడిద. నిప్పు నోట్లో ఉంటే గాలికి ఆరదు, రవ్వ రాలదు. బుచ్చయ్యపేట దారిలో తోటలున్న బంగార్రాజు, జేబులో అగ్గిపెట్టె ఉన్న మగాణ్ణి గట్టు ఎక్కనివ్వడు గానీ, ఈవిడను మాత్రం పిలిచి మరీ పని ఇస్తాడు. "ఆ అప్ప నోట్లో నిప్పున్నంత సేపూ నా తోటకి భయం నేదు" అంటాడు.

అచ్చియ్యమ్మను మీరు పొగ తాగుతారా అని అడిగితే మాత్రం కోపం వస్తుంది. "పొగ మొగోలు తాగుతారు బాబూ. ఈదిలో నిలబడి అందరి మొకాల మీదా ఊదుతారు. నాను నిప్పుని దాసుకుంటాను, అంతే." పొగ ఒంటికి మంచిది కాదని మొగుడు పరదేశి చేత బీడీ మాన్పించిన మనిషి ఆవిడ. ఆరు నెలలు ఆయన జేబులు వెతికింది. చుట్ట నోట్లో పెట్టుకునే వెతికింది.

కిందటేడు దసరా వెళ్లిన వారం ఆవిడకు కుడి డొక్క కింద నొప్పి మొదలైంది. వంకాయ బజ్జీ తింటే నొప్పి, చేప వేపుడు తింటే నొప్పి, చివరికి కూరలో పోపు వాసనకు కూడా నొప్పి. చోడవరంలో స్కానింగు తీస్తే కాలేయం కింది చిన్న తిత్తి, పిత్తాశయంలో నాలుగు రాళ్లు కనబడ్డాయి. డాక్టరు చెప్పిన మాట ఇది: నెలలోగా పిత్తాశయం తీయించేయాలి, ఒక్క రాయి జారి గొట్టానికి అడ్డం పడిందంటే కామెర్లు, చీము, ఆ తర్వాత ఎవరి చేతుల్లోనూ ఉండదు.

కూతురు రేవతి సముద్రం వైపు మందుల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. వాళ్ల ఫ్యాక్టరీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో అమ్మానాన్నల పేర్లు కూడా ఉన్నాయి. కార్డు చూపిస్తే ఆపరేషన్‌కు చేతి నుంచి కట్టక్కర్లేదు. రెండే షరతులు. వాళ్ల లిస్టులో ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. ఆపరేషన్‌కు ముందు వాళ్ల అనుమతి రావాలి.

లిస్టులో చోడవరం కింద ఒకే ఒక్క ఆసుపత్రి పేరుంది. నేను వాళ్ల పక్కింటివాణ్ణి, డిగ్రీ రెండో ఏట వదిలేసి జిరాక్సు షాపులో కూర్చుంటున్నాను గనక, కాగితాలు చదవడానికి నన్ను కూడా తీసుకెళ్లారు. ఆ అడ్రసులో గాజుల కొట్టుంది.

"ఓలమ్మా, ఈ నెల్లో మీరు మూడోవోలు" అంది కొట్టామె. "మొన్నొకాయన కాలికి కట్టుతో వచ్చేడు. సూడండి బాబూ అని గాజులు సూపించేను. ఎల్లిపోనాడు."

దాంతో విశాఖపట్నం వెళ్లాం. అక్కడ లిస్టులోని ఆసుపత్రి నిజంగానే ఆసుపత్రి. ఇన్సూరెన్స్ కౌంటర్లో నుస్రత్ అనే అమ్మాయి ఉంది. చకచకా ప్రశ్నలడిగి కంప్యూటర్లో నింపుతోంది.

"పొగ తాగుతారా అమ్మా?"

"సీ! నేదు."

"పొగాకు నమలడం, ఖైనీ, గుట్కా?"

"ఊరంతా ఉమ్ముకుంటా తిరగడమేటి అసియ్యం? నేదు."

నుస్రత్ రెండుచోట్లా లేదు అని నొక్కింది. రేవతి ఏదో అనబోయి ఆగింది. ఆగకుండా ఉంటే ఈ కథ లేదు.

తర్వాత మత్తు డాక్టరు ఝాన్సీగారు నోరు తెరిపించి టార్చి వేసి చూశారు. మత్తిచ్చే ముందు గొంతు దారి చూడాలట. అంగిలి తెల్లగా, గట్టిపడి, మధ్యలో ఎర్రని చుక్కలతో ఉంది.

"అడ్డపొగా పెద్దమ్మా?"

"అవునమ్మా. మీదే ఊరు?"

"దేవరాపల్లి. మా మామ్మ కాల్చేది."

"ఏ ఇంటోలు?"

ఆ తర్వాత పది నిమిషాలు దేవరాపల్లి ఇళ్ల గురించే. వెనక నలుగురు రోగులు నిలబడ్డారు. చివరికి ఝాన్సీగారు కేసు షీట్ మీద ఇంగ్లీషులో రెండు మాటలు రాశారు: రివర్స్ స్మోకర్. వైద్యంలో అడ్డపొగకు అదే సరైన పేరు. చుట్ట తిరగేసి కాల్చే మనిషి అని అర్థం. ఆవిడ తప్పేమీ రాయలేదు.

మూడో రోజు బీమా కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. అనుమతి ఇచ్చే ముందు వాళ్లడిగే ప్రశ్నను అలా అంటారు. నేను చదివి తెలుగులో చెప్పాను. "రోగి పొగతాగుడు నుంచి వెనక్కి మళ్లినట్టు డాక్టరు రాశారు. ఏ తేదీన మళ్లారో తెలుపగలరు."

అచ్చియ్యమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నానెక్కడికెల్లేనని మల్లడానికి?"

రోగి ఎప్పుడూ పొగ తాగలేదని నుస్రత్ జవాబు పంపింది. ఫారంలో అదే ఉంది మరి. రెండో క్వెరీ: "ఎప్పుడూ తాగని రోగి ఎలా మళ్లగలిగారు? వివరణ కోరుతున్నాము." ఇక ఝాన్సీగారే విసిగిపోయి వివరంగా రాశారు. ఈమె వెలుగుతున్న కొసను నోటి లోపల పెట్టుకుంటుంది, రోజుకు ఆరుసార్లు, ఇరవై ఏళ్ల వయసు నుంచి, అని. మూడో క్వెరీ: "నోటి లోపల నిప్పు వల్ల కలిగిన గాయం ప్రమాదాల కిందికి వస్తుంది. పోలీసు ఎఫ్ఐఆర్ కాపీ జతపరచగలరు."

మర్నాడు, ఫారంలో ఇచ్చిన నా నంబరుకు ఫోనే వచ్చింది. నా షాపులో స్పీకర్ పెట్టాం. అవతల ఒక అమ్మాయి, వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది.

"నమస్కారం అండీ. మీ నోటిలో అగ్నిప్రమాదం ఎప్పుడు సంభవించింది?"

"రోజూ అవుతాదమ్మా. పొద్దున్న నాలుగు, మద్దేనం రెండు."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఎవరైనా మీకు ఇలా చేస్తున్నారా అండీ?"

"నానే సేసుకుంటాను. ఇంకెవులు సేత్తారు?"

"ఇంట్లో ఏమైనా మానసిక ఒత్తిడి..."

"నోరు బాగానే ఉన్నాదమ్మా! నొప్పి తిత్తిలోన! రాళ్లు తిత్తిలోన! నువ్వు నోరొగ్గీసి కిందికి రా!"

"మీ సహకారానికి ధన్యవాదాలు" అని పెట్టేసింది.

ఇదంతా నవ్వులాట కాదు. మూడు వారాలు గడిచాయి. ఆవిడ గంజీ, మజ్జిగా తప్ప ఏమీ తినడం లేదు. ఒకరోజు మధ్యాహ్నం బంగార్రాజు తోటలో జడ కడుతూ కడుతూ ముడుచుకుపోయింది. నోట్లోంచి చుట్ట జారితే, అంత నొప్పిలోనూ అరచేత్తో దాన్ని నేల పడకుండా పట్టుకుంది. చెయ్యి కాలింది, తోట కాలలేదు. ఆడవాళ్లు గోనెసంచి మీద పడుకోబెట్టి గట్టుకు మోసుకొచ్చారు. చోడవరం డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, ఇంకో నొప్పి వస్తే నా దగ్గరికి తేవొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పట్టుకుపొండి అన్నాడు.

రేవతి ఆ సాయంత్రం డ్యూటీ దుస్తుల్లోనే షాపుకొచ్చింది. "ఒరే, అమ్మ సుట్ట తాగుతాదని ఒక్క ముక్క రాసీ. గొడవొదిలిపోద్ది."

రాసి ప్రింటు తీశాను. అచ్చియ్యమ్మ పెన్ను పట్టుకుని ఆగింది. చదవడం తక్కువైనా, చదివించుకోకుండా సంతకం పెట్టే మనిషి కాదు. చదివాను.

"నాను పొగ తాగుతానని నా సేత్తో నాను రాసియ్యాలా?"

"తాగుతావు గదే అమ్మా!" అని అరిచింది రేవతి.

"తాగను. రేపు మీ బాబు బీడీ ముట్టిస్తే ఏ మొకం పెట్టుకుని ఆపుతాను?"

పరదేశి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏదో ఆశ మొహంలో కనబడి మాయమైంది.

ఇంకో చిక్కుందని నుస్రత్ ఫోన్లో చెప్పింది. ఇప్పుడు తాగుతానని రాస్తే, మొదట అబద్ధం చెప్పినట్టు లెక్క, కార్డే రద్దు చేస్తారు. తాగనంటే డాక్టరు రాసిందానికి సమాధానం లేదు. రాళ్లు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడు కంపెనీ ఒక విచారణాధికారిని పంపింది. పేరు ఆఫ్తాబ్. సన్నగా, మర్యాదగా, హెల్మెట్ చంకలో పెట్టుకుని నేరుగా తోటకే వచ్చాడు. ఇంజెక్షన్ పనిచేసిన నాలుగో రోజుకే అచ్చియ్యమ్మ తిరిగి పనిలోకి దిగింది. అతని ఫోన్లో ఒక యాప్ ఉంది. అందులో రెండే బటన్లు. ఒకటి పొగ వచ్చే పొగాకు, రెండోది పొగ లేని పొగాకు.

"అమ్మా, పొగ వస్తుందా?"

"వత్తాది."

"లోపలికి పీలుస్తారా?"

"పొగ పీల్చను. నిప్పే లోపలుంటాది."

ఆఫ్తాబ్ ఫోన్ వంక చూశాడు. "నిప్పుకి బటన్ లేదమ్మా."

"నువ్వోసారి పెట్టుకుని సూడు బాబూ, ఏ బటనో తెల్సిపోద్ది" అంది వరసలోంచి చిన్నతల్లి.

"పెల్లయిందేటి నీకు?" అని పైడితల్లి. "అవ్వకపోతే పెట్టుకోకు. ముద్దుకి పనికిరావు."

పదిమందీ ఒక్కసారి నవ్వారు. పాపం ఆఫ్తాబ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ పని ఒగ్గేసే రకం కాదు. కాల్చి చూపించండి, ఫొటో తీసి పంపుతాను, ఫొటో చూసి కంప్యూటరే తేలుస్తుంది అన్నాడు. అచ్చియ్యమ్మ రొంటిన దోపిన చుట్ట తీసి, వెలిగించి, తిప్పి నోట్లో పెట్టుకుని, పెళ్లి ఫొటోకు నిలబడ్డట్టు నిలబడింది. ఫోన్లో ఆవిడ మొహం చుట్టూ పచ్చ గీత తిరిగింది. కింద అక్షరాలు వచ్చాయి: పొగ తాగుతున్న ఆనవాళ్లు లేవు.

ఇంకోటి తీశాడు. లేవు. పొగ కొంచెం వదలండి అన్నాడు. వదిలింది. గాలి పట్టుకుపోయింది. లేవు.

"అమ్మా, నిప్పు కొస కెమెరాకి కనబడేలా ఇటు తిప్పి పెట్టుకోండి. ఒక్క సెకను."

ఆవిడ చుట్ట తీసింది. "అలగ పెట్టుకుంటే అది పొగ తాగడం అవుతాది బాబూ. నాను తాగను."

ఆఫ్తాబ్ గట్టు మీద కూలబడ్డాడు. "నా కళ్లతో నేను చూశానమ్మా. కానీ నా కళ్లని అప్‌లోడ్ చెయ్యడానికి లేదు." చిన్నతల్లి ఇచ్చిన చెరకు ముక్క నమిలి, మూడు ఫొటోలూ పంపి, అందరికీ సలాం చెప్పి వెళ్లిపోయాడు.

రెండో రోజు ఉత్తరం వచ్చింది. "క్షేత్ర విచారణలో, ఫొటో ఆధారాలతో, రోగి పొగ తాగరని నిర్ధారణ అయినది. ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వడమైనది. ఈ అనుమతి పదిహేను రోజులు చెల్లును."

అచ్చియ్యమ్మ దాన్ని నా చేత లామినేషన్ చేయించి పరదేశికి చూపించింది.

ఆ రోజే విశాఖపట్నం వెళ్తే ఝాన్సీగారు ఉత్తరం చదివి, పక్కన పెట్టి, "ఆపరేషన్ పద్నాలుగు రోజుల తర్వాత. ఇవాళ్టి నుంచి అడ్డపొగ బంద్" అన్నారు.

"ఎందుకమ్మా?"

"ఊపిరితిత్తులు తేలికపడాలి. లేకపోతే మత్తులో కఫం అడ్డం పడుతుంది."

అచ్చియ్యమ్మ లామినేషన్ కాగితం ముందుకు జరిపింది. "నాను తాగనని కంపెనీయే రాసింది గదా. తాగనిదాన్ని మానీడమేటి?"

"మత్తిచ్చేది కంపెనీ కాదు పెద్దమ్మా, నేను. ఊపిరి ఆగిపోతే ఆ కాగితం నీ నోట్లో ఊదుతుందా?"

అచ్చియ్యమ్మ వాదనకు ఎదురు జవాబు రావడం ముప్ఫై ఎనిమిదేళ్లలో అదే మొదలనుకుంటాను. రొంటిలోంచి చుట్టల పొట్లం తీసి రేవతి చేతిలో పెట్టింది. అనుమతికి పదిహేను రోజులు, మానడానికి పద్నాలుగు. ఒక్క రోజు జారినా మళ్లీ మొదటి క్వెరీ నుంచి.

ఆ పద్నాలుగు రోజుల్లో బంగార్రాజు తోటలో ఒక సంగతి బయటపడింది. అచ్చియ్యమ్మ మాట్లాడే మనిషి. ఇన్నేళ్లూ పనిలో నోరు మూసుకునే ఉండేది, తెరిస్తే నిప్పు పడుతుంది గనక. సైగలతోనే మేస్త్రీతనం చేసింది. ఎక్కువ తెరిచేది తోట బయటే. ఇప్పుడు పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగడం లేదు. పైడితల్లి కట్టిన ముడి వదులు. చిన్నతల్లి కోడలి వంట ఉప్పన. వడ్డాది సంతలో ఎవరో పదేళ్ల కిందట కుళ్లిన ఉల్లిపాయలు అంటగట్టారు. అన్నీ గుర్తున్నాయి, అన్నీ ఇప్పుడే చెబుతోంది.

ఎనిమిదో రోజు పైడితల్లి చేతులు జోడించింది. "అప్పా, ఒక్కటి ముట్టించీసుకో. మా పాణాలు తీత్తన్నావు."

"ముట్టిస్తే నా పాణం పోద్దంట."

"మరి మాదో?" అంది చిన్నతల్లి.

ముట్టించలేదు. రాత్రిళ్లు చెయ్యి రొంటి వైపు వెళ్తుంటే ఆ చేతికి తువ్వాలు చుట్టుకుని పడుకుందని రేవతి చెప్పింది. పదకొండో రోజు పరదేశి మీద గిన్నె విసిరిందట, ఆయన దగ్గినందుకు. పద్నాలుగు రోజులూ గడిచాయి. పదిహేనో రోజు పొద్దున్నే ఆపరేషన్ అయింది. ఊపిరి బాగానే ఆడింది. కందిగింజలంత రాళ్లు నాలుగు, చిన్న సీసాలో వేసి చూపించారు.

మూడో రోజు పది గంటలకు ఇంటికి వెళ్లొచ్చన్నారు. వెళ్లడానికి కూడా అనుమతి కావాలి, చివరి బిల్లుకు. ఝాన్సీగారు నిజాయితీగల మనిషి గనక కేసు షీట్‌లో, పద్నాలుగు రోజుల ముందు మానేశారు, అని రాశారు. క్వెరీ వచ్చింది: "పొగ తాగని రోగి దేనిని మానేశారు?"

ఒంటిగంట అయింది. కాగితం మీద డిశ్చార్జి అయిపోయింది గనక భోజనం ఇవ్వరు. అనుమతి రాలేదు గనక గేటు దాటనివ్వరు. ఆ మంచం కోసం ఇంకో రోగి సంచులతో సహా వచ్చి అచ్చియ్యమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఝాన్సీగారు వేరే ఆపరేషన్లో ఉన్నారు. నుస్రత్ జవాబు మీద జవాబు పంపుతోంది. మూడున్నర అయింది.

అచ్చియ్యమ్మ కుట్లు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఇదిగో గుంటా. ఆలు ఒప్పుకోపోతే, తీసింది మల్లీ పెట్టీమను. కుట్టీసి పంపీమను. నానెలగొచ్చేనో అలగే ఎల్లిపోతాను."

నుస్రత్ కూడా పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆవిడ వంక చూసి, తెర వంక చూసి, టైపు చేసింది. నేను పక్కనుంచి చదివాను. "బిల్లు ఆమోదించని పక్షంలో, తొలగించిన పిత్తాశయాన్ని తిరిగి అమర్చవలసిందిగా రోగి కోరుతున్నారు. అట్టి రెండో ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వగలరు."

పదకొండు నిమిషాల్లో మొదటి బిల్లుకు అనుమతి వచ్చేసింది. నెలన్నరగా ఏ డాక్టరు రాసినా కదలని ఫైలు అది.

వెళ్లేముందు ఝాన్సీగారు కిందికి వచ్చారు. అంగిలి మీద ఆ తెలుపు మంచిది కాదని, ఆరు నెలలకోసారి చూపించాలని, నిప్పు మళ్లీ పెడితే తనే వచ్చి లాగేస్తానని చెప్పారు. ఆ పరీక్ష బీమాలో వస్తుందా అని రేవతి అడిగింది. నుస్రత్ వెతికి చూసింది. పొగ తాగేవాళ్లకు వస్తుంది. అచ్చియ్యమ్మకు రాదు. "నా దగ్గర టార్చి ఉంది, రా పెద్దమ్మా. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు" అన్నారు ఝాన్సీగారు.

ఇప్పుడు కాలుస్తోందా అంటే, కాలుస్తోంది. రోజుకు ఒకటి. మిగతా అయిదింటి టైమూ మాట్లాడుతోంది. అన్నం తింటోంది, చేప వేపుడు కూడా.

అంతటితో అయిపోయిందనుకున్నాం. కోతలు మొదలైన వారం నా షాపుకు ఫోనొచ్చింది. అదే వార్తల అమ్మాయి. అచ్చియ్యమ్మ అక్కడే ఉంది, ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చి. స్పీకర్ పెట్టాను.

"నమస్కారం అండీ. పిత్తాశయం తిరిగి అమర్చుట అనే మీ రెండో క్లెయిము పరిశీలనలో ఉంది. ఆసుపత్రిలో ఏ తేదీన చేరదలచారు?"

నేను వద్దని చెప్పమని సైగ చేశాను. అచ్చియ్యమ్మ మొహమాటపడింది. అంత మర్యాదగా పిలిస్తే కాదనడం ఆవిడకు రాదు.

"ఇప్పుడు కోతలమ్మా. కోతలయ్యేక సూద్దాం."

"తప్పకుండా అండీ. అప్పటివరకు ఫైలు తెరిచి ఉంచుతాము."

బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డ పరదేశి, "ఎవులే?" అని అడిగాడు.

"ఎవులో. మంచి గుంట" అంది అచ్చియ్యమ్మ, జిరాక్సు మడత పెట్టుకుంటూ. "రమ్మంతన్నాది."